రానీ... రానీ... ఆపు!

అమెరికా క్యాంప్‌గ్రౌండ్లలో సాయంత్రం అయ్యేసరికి టికెట్ లేని వినోదం ఒకటి మొదలవుతుంది. అప్పటికే బండ్లు పెట్టేసుకున్నవాళ్లు మడత కుర్చీలు వేసుకుని, కొత్తగా వచ్చిన మోటార్‌హోమ్ తన సైటులోకి వెనక్కి ఎలా దూరుతుందా అని చూస్తూ కూర్చుంటారు. స్టీరింగు దగ్గర ఒకరు, వెనక నిలబడి చేతులూపేవారు ఇంకొకరు. చాలాసార్లు ఆ ఇద్దరూ భార్యాభర్తలే. రెండు నిమిషాలు తిరక్కుండానే ఆ చేతులు దారి చూపడం మానేసి వాదనకు దిగుతాయి. ఇదెంత మామూలు సంగతంటే, బండి పార్క్ చేసేటప్పుడు అన్న మాటలకు క్షమించమని కోరుతూ అచ్చేసిన డోర్‌మ్యాట్లు, టీషర్టులు అక్కడ అమ్ముతారు. కొనేవాళ్లూ ఉన్నారు.

అక్కడి తెలుగు కుటుంబాలకూ ఈ అనుభవం దూరమేమీ కాదు. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడో, పిల్లలకు బడి సెలవులిచ్చినప్పుడో మోటార్‌హోమ్ అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో బయల్దేరతారు. చాలా రాష్ట్రాల్లో మామూలు కారు లైసెన్సే చాలు. రోజూ నడిపేది చిన్న కారు. ఆ రోజు చేతికొచ్చేది పడకగది, వంటగది, బాత్‌రూమ్ ఉన్న 25, 30 అడుగుల ఇల్లు. ముందుకు నడపడం ఒక గంటలో అలవాటైపోతుంది. అసలు పరీక్ష సాయంత్రం, అందరూ అలిసిపోయి, పిల్లలు ఆకలి అంటున్నప్పుడు, రివర్స్ గేరులో మొదలవుతుంది.

ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆపమనే హక్కును వెనక నిలబడ్డ మనిషికి ముందుగానే, పూర్తిగా, ఎదురుప్రశ్న లేకుండా ఇచ్చేయాలి. తక్కిన మెలకువలన్నీ ఆ ఒక్క హక్కును నిలబెట్టడానికే.

చూపు ఒకరిది, బ్రేకు ఇంకొకరిది

ఫోర్డ్ ఈ-450 ఛాసిస్ మీద కట్టిన మోటార్‌హోమ్‌లు అద్దె బండ్లలో బాగా కనిపిస్తాయి. సామానుతో, మనుషులతో కలిపి ఆ ఛాసిస్‌కు అనుమతించిన గరిష్ఠ బరువు 14,500 పౌండ్లు. అంటే ఆరున్నర టన్నులు. కారులోలాగా లోపలి అద్దంలోంచి వెనక్కి చూద్దామంటే ఇంటి గోడలు, అలమరాలు తప్ప ఏమీ కనబడవు. రెండు పక్క అద్దాలే దిక్కు. అవి రెండు పక్కలనూ చూపిస్తాయి గాని సరిగ్గా వెనక ఏముందో చూపించవు.

కాబట్టి నడిపేవారి చేతిలో బండి ఉంది, చూపు లేదు. వెనకున్నవారికి చూపు ఉంది, బండి చేతిలో లేదు. దారి చూపే ఈ మనిషిని అక్కడ స్పాటర్ అంటారు. తనకు కనబడనిదాన్ని ఇంకొకరి మాట మీద నమ్మి నడపడం ఎవరికైనా కష్టమే. తనకు స్పష్టంగా కనబడుతున్న ప్రమాదాన్ని అవతలివాళ్లు పట్టించుకోకపోతే కేక పెట్టకుండా ఉండటం ఇంకా కష్టం. తగాదా పుట్టేది ఇక్కడే. ఇందులో ఎవరి కోపానికీ చెడ్డతనం కారణం కాదు.

మన ఆర్టీసీ బస్సుల్లో ఈ లెక్క ఎప్పుడో తేలిపోయింది. డ్రైవరుకు ఎంత అనుభవం ఉన్నా కండక్టరు 'హోల్డాన్' అంటే ఆగాల్సిందే. లారీ క్లీనరు వయసులో డ్రైవరు కొడుకంత ఉండొచ్చు. అయినా రివర్స్ తీసేటప్పుడు వెనక నుంచి అతను బాడీ మీద ఒక్క చరుపు చరిస్తే లారీ ఆగిపోతుంది. ఎందుకు చరిచావని అడగడం ఆగిన తర్వాతే. పెద్దా చిన్నా లెక్కలు ఆ కాసేపు పక్కకు పోతాయి. ఇంట్లో భార్యాభర్తల మధ్య, మామగారికీ అల్లుడికీ మధ్య ఈ ఒక్క పని జరగడానికే ఇంత ఒప్పందం కావాల్సి వస్తోంది.

కదలక ముందే సగం పని

సైటు దగ్గరికి రాగానే ఫ్లాషర్లు వేసి బండి ఆపండి. ఇద్దరూ దిగండి. అమెరికా ట్రక్కు డ్రైవర్లకు నేర్పే సూత్రం కూడా ఇదే: అనుమానమొస్తే దిగి చూడు. వెనక వరసలో ఇంకో బండి వచ్చి నిలబడ్డా కంగారుపడొద్దు. వాళ్లూ ఇలాగే పెట్టుకోవాలి కాబట్టి ఆగుతారు.

సైటును మూడు ఎత్తుల్లో చూడాలి. నేల మీద రాళ్లు, మంట వేసుకునే ఇనుప వలయం, మొద్దులు, నీళ్ల కుళాయి. నడుము ఎత్తులో పిక్నిక్ టేబుల్, కరెంటు స్తంభం, సైటు నంబరు గుంజ. తల పైన కొమ్మలు. అందరూ మరిచిపోయేది ఈ మూడోదాన్నే. మోటార్‌హోమ్ నెత్తిన ఏసీ పెట్టె ఉంటుంది, పక్కన చుట్టిపెట్టిన గుడ్డ పందిరి ఉంటుంది. కింద చక్రాలు ఎక్కడికీ తగలకుండా చక్కగా వెళ్తుంటే, పైన కొమ్మ ఏసీ మూతను ఊడబీకేస్తుంది. అద్దె బండి అయితే పైకప్పు దెబ్బలు బీమా కిందికి వస్తాయో రావో ఒప్పందంలో ముందే చదువుకోండి.

తర్వాత బండి చివరికి ఎక్కడ ఆగాలో తేల్చుకోండి. కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్లు సాధారణంగా బండికి డ్రైవర్ వైపు ఉంటాయి. ఎక్కి దిగే తలుపు రెండోవైపు, పిక్నిక్ టేబుల్ వైపు తెరుచుకుంటుంది. బయటికి జరిగే గది ఉన్న బండి అయితే దానికీ చోటు వదలాలి. వీటన్నిటినీ చూసుకుని, డ్రైవర్ వైపు వెనక చక్రం ఆగాల్సిన చోట ఒక గుర్తు పెట్టండి. నీళ్ల బాటిలైనా సరే, పాత చెప్పైనా సరే. ఇద్దరి మనసులో ఒకే గమ్యం ఉన్నప్పుడు సగం మాటలు అవసరమే ఉండవు.

తోక ఎటు పోవాలో చెప్పండి

మోటార్‌హోమ్ రివర్స్‌లో ఉన్నప్పుడు స్టీరింగు ఎటు తిప్పితే వెనక భాగం అటే పోతుంది. అదే సమయంలో ముక్కు ఎదురువైపుకు ఊడ్చుకుంటూ తిరుగుతుంది. వెనక నిలబడ్డవారికి ఆ ముక్కు కనబడదు. రోడ్డుకు ఆ పక్కనున్న చెట్టుకో, ఎదుటి సైటులో ఉన్న కారుకో అది తగలకుండా చూసుకునే బాధ్యత పూర్తిగా నడిపేవారిదే. కారు వెనక తగిలించుకుని లాగే ట్రైలరు అయితే కథ తిరగబడుతుంది. కారు స్టీరింగు ఎడమకు తిప్పితే ట్రైలరు తోక కుడికి పోతుంది.

అందుకని స్పాటర్ ఎప్పుడూ స్టీరింగు ఎలా తిప్పాలో చెప్పకూడదు. తోక ఎటు రావాలో మాత్రం చెప్పాలి. దానికోసం స్టీరింగును ఏం చేయాలో నడిపేవారు చూసుకుంటారు. ఈ పని విభజన ఒక్కటి కుదిరితే గొడవలు చాలావరకు తగ్గిపోతాయి, ఎందుకంటే ఎవరి పనిలో ఎవరూ వేలు పెట్టరు.

మాటలు తక్కువ ఉండాలి, ఒక్కో మాటకు ఒక్కటే అర్థం ఉండాలి. ఈ ఆరూ చాలు.

1. రానీ: బండి వెనక్కి రావాలి.
2. డ్రైవర్ వైపు: తోక అటు జరగాలి.
3. తలుపు వైపు: తోక ఇటు జరగాలి.
4. సాపు: తోక తిన్నగా వెనక్కి రావాలి.
5. ముందుకు: బండి ముందుకు తీసి మళ్లీ మొదలుపెట్టాలి.
6. ఆపు: ఉన్నచోటే ఆగిపోవాలి.

ఎడమ, కుడి, లెఫ్ట్, రైట్ అనే మాటలు ఈ జాబితాలో కావాలనే పెట్టలేదు. ఎదురెదురుగా ఉన్న ఇద్దరికి ఎడమ ఒకటి కాదు. పైగా మన నోట 'రైట్' అంటే కుడీ అవుతుంది, సరేనూ అవుతుంది, పోనియ్ అనీ అవుతుంది. డ్రైవర్ వైపు, తలుపు వైపు అంటే ఎవరు ఎటు తిరిగి నిలబడ్డా మారని గుర్తులు.

ప్రతి మాటకూ ఒక చేతి సైగ జత చేయండి. రమ్మనడానికి రెండు చేతులూ భుజాల ఎత్తుకు లేపి, అరచేతులు మీ వైపు తిప్పి, మోచేతుల దగ్గర్నుంచి ఊపండి. వేళ్ల చివర్లు ఆడిస్తే అద్దంలో కనబడదు. తోక ఎటు రావాలో ఆవైపుకు ఒక చెయ్యి బారుగా చాచండి. మిగిలిన దూరాన్ని రెండు అరచేతుల మధ్య ఎడంగా చూపిస్తూ దగ్గర చేస్తూ రండి. ఆపమనడానికి రెండు చేతులూ తల పైన అడ్డంగా పెట్టండి. తల ఊపడం వద్దు. మన తల ఊపుల్లో ఔననేదేదో కాదనేదేదో పక్కనుంచి చూస్తేనే తెలియదు, అద్దంలో ఎక్కడ తెలుస్తుంది?

నిలబడే చోటు

బండికి సరిగ్గా వెనక నిలబడితే మీరు డ్రైవరుకు కనబడరు. బండికీ చెట్టుకూ మధ్య నిలబడితే తప్పించుకునే దారి ఉండదు. డ్రైవర్ వైపు వెనక మూలకు కాస్త ఎడంగా, పక్క అద్దంలో మీ తల నుంచి నడుము దాకా కనబడే చోట నిలబడాలి. పరీక్ష చాలా తేలిక. అద్దంలో మీకు డ్రైవరు ముఖం కనబడుతోందా? కనబడితే మీరూ కనబడుతున్నట్టే.

సైటు డ్రైవర్ వైపున ఉంటే, దాన్ని దాటి కొంచెం ముందుకెళ్లి అటువైపు అద్దంలో చూసుకుంటూ వెనక్కి రావడం సులువు. తలుపు వైపున ఉంటే అది గుడ్డి మలుపు. అప్పుడు స్పాటర్ చోటు మారాల్సి రావచ్చు. మారే ముందు బండి ఆపించాలి, కొత్త చోట నిలబడి కనబడుతున్నానని తేల్చుకున్నాకే మళ్లీ రమ్మనాలి.

భారీ వాహనాలు వెనక్కి తీసే పనివాళ్ల కోసం అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా ఇచ్చే సలహాల్లో ముఖ్యమైనవి ఇవి: సైగలు ముందే ఖాయం చేసుకోవాలి, స్పాటర్ కనబడకపోయిన క్షణంలోనే బండి ఆపేయాలి, స్పాటర్‌కు ఆ సమయంలో వేరే పని పెట్టకూడదు, చేతిలో ఫోనుండకూడదు, చెవిలో ఇయర్‌ఫోన్ ఉండకూడదు. నిర్మాణ స్థలాల్లో జీతం తీసుకుని ఇదే పని చేసేవాళ్లకే ఇన్ని నియమాలుంటే, ఏడాదికోసారి చేసే మనకు ఇంకెన్ని కావాలి? వీడియో తీస్తూ దారి చూపేవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవాలి.

ఒకే సైటు, రెండు సంభాషణలు

భార్య నడుపుతోంది, భర్త వెనక నిలబడ్డాడు. ఒప్పందం లేనప్పుడు ఇలా సాగుతుంది.

"కొంచెం రా."

"కొంచెమంటే ఎంతండీ?"

"ఇంకొంచెం. లెఫ్ట్... నీ లెఫ్ట్ కాదు, నా లెఫ్ట్. ఆ, రైట్, రైట్!"

"రైట్‌కి తిప్పనా, పోనివ్వనా?"

"అబ్బా, చెట్టు! చెట్టు!"

చెట్టు అనేది సమాచారమే గాని ఆజ్ఞ కాదు. ఆ చెట్టును ఏం చేయాలో ఆలోచించేలోపే బండి ఇంకో అడుగు కదిలిపోయింది. ఇప్పుడు ఒప్పందం ఉన్న జంటను వినండి.

"కనబడుతున్నారు. కిటికీ దించాను, పాటలు ఆపాను."

"ఇరవై అడుగులుంది. రానీ... రానీ... డ్రైవర్ వైపు... ఇంకా... సాపు. రానీ... పది... ఎనిమిది... ఆపు."

"ఆపాను."

ఆయన తలుపు వైపుకు నడిచాడు. టేబుల్‌కూ బండికీ మధ్య ఒక మనిషి పట్టేంత సందు ఉంది. తలెత్తి చూస్తే పైన్ కొమ్మ ఒకటి ఏసీ పెట్టెకు జానెడు దూరంలో ఉంది. తిరిగొచ్చి తన చోట నిలబడ్డాడు.

"పైన కొమ్మ ఉంది. ముందుకు ఆరడుగులు. తర్వాత తోక తలుపు వైపు తీసుకుందాం."

"సరే. ముందుకు వెళ్తున్నా."

రెండో సంభాషణలో మూడు సంగతులు గమనించండి. కొంచెం అనే మాటే లేదు, దూరం అడుగుల్లో ఉంది. ప్రతి ఆపుకూ 'ఆపాను' అని జవాబు వచ్చింది. వివరం చెప్పింది బండి నిలబడ్డాకే.

అడుగుల లెక్క ఎందుకో కూడా తెలుసుకోవాలి. గంటకు 2 మైళ్ల వేగం అంటే నడకకన్నా తక్కువ. అయినా బండి సెకనుకు దాదాపు 3 అడుగులు కదులుతుంది. మీరు ఆపు అన్నాక ఆ మాట చెవిలో పడి, కాలు బ్రేకు నొక్కడానికి ఒక సెకను పట్టినా, మూడడుగులు అయిపోయినట్టే. అందుకే ఆక్సిలరేటరు జోలికి పోకుండా, కాలు బ్రేకు మీదే ఉంచి, బండి తనంతట తాను పాకేంత వేగంలోనే రావాలి. స్పాటర్ కూడా తగలబోయే క్షణం దాకా ఆగకుండా కనీసం మూడడుగుల ముందే ఆపేయాలి.

ఫోనులో చెప్పొచ్చా?

కిటికీలు దించితే చిన్న బండికి గొంతు చాలు. జనరేటర్ల మోతలో, పెద్ద బండిలో చాలదు. ఫోను స్పీకరులో పెట్టుకుంటే మాట అర సెకను ఆలస్యంగా వచ్చినా అడుగున్నర దూరం పోతుంది. నేషనల్ పార్కుల్లో చాలాచోట్ల సిగ్నలే ఉండదు. ఎఫ్ఆర్ఎస్ రకం వాకీటాకీలకు అమెరికాలో లైసెన్సు అక్కర్లేదు, ఒక జత పెట్టుకోవడం మంచిది. ఏ సాధనం వాడినా నియమం ఒకటే: బండి కదులుతున్నంతసేపూ స్పాటర్ 'రానీ, రానీ' అంటూనే ఉండాలి. మాట ఆగిందంటే బండీ ఆగాలి. నిశ్శబ్దానికి అంతా బాగుందని అర్థం చెప్పుకోవడం వల్లే ఎన్నో బండ్లు స్తంభాలకు తగులుతాయి.

చీకటి పడకముందే చేరడం అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త. నేషనల్ పార్కుల క్యాంప్‌గ్రౌండ్లలో మామూలుగా రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిశ్శబ్ద వేళలు. అప్పుడు కేకలు వేసుకుంటే పక్కవాళ్లకు నిద్రాభంగం. తప్పక రాత్రే వస్తే టార్చి వెలుగు అద్దంలోకి కొట్టకుండా నేల మీదికి, అడ్డంకుల మీదికి వేయండి.

మొదటిసారి వెళ్తున్నవాళ్లు బుకింగ్ దగ్గరే కష్టం తగ్గించుకోవచ్చు. గ్రాండ్ కాన్యన్ దక్షిణ అంచున మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో 30 అడుగులు మించిన బండిని రానివ్వరు. దగ్గర్లోనే ఉన్న ట్రైలర్ విలేజ్‌లో 50 అడుగుల దాకా పట్టే పుల్‌త్రూ సైట్లున్నాయి, ఒకవైపు నుంచి దూరి ఇంకోవైపు నుంచి బయటపడొచ్చు. యోసెమిటీ అప్పర్ పైన్స్‌లో మోటార్‌హోమ్ పరిమితి 35 అడుగులు. బండి పొడవు తెలియకుండా సైటు బుక్ చేయకండి.

పెద్దలు, పిల్లలు, పరోపకారులు

మనవాళ్లు నలుగురు చేరితే నలుగురూ దారి చూపిస్తారు. నాన్నగారు ఒకవైపు నుంచి రమ్మంటారు, బావమరిది ఇంకోవైపు నుంచి ఆగమంటాడు, పక్క సైటు ఆయన కాఫీ కప్పుతో వచ్చి స్టీరింగు తిప్పమంటాడు. రమ్మనేది ఒక్కరే కావాలి. ఆపు అని మాత్రం ఎవరైనా అనొచ్చు, ఆరేళ్ల పిల్లయినా సరే, అంటే ఆగాలి. పక్కాయన సాయం చేస్తానంటే కాదనక్కర్లేదు. "కొమ్మలు చూసి పెట్టండి, తగిలేలా ఉంటే ఆపమనండి" అని ఒక చూపు అప్పగించండి. నాన్నగారికి ముక్కు వైపు కాపలా ఇవ్వండి. పెద్దరికానికి లోటు రాదు, పనీ జరుగుతుంది.

పిల్లల విషయంలో మాత్రం మొహమాటం లేదు. 2002లో న్యూయార్క్ రాష్ట్రంలో రెండేళ్ల బాబు సొంతింటి వాకిట్లోనే, తండ్రి వెనక్కి తీస్తున్న బండి కింద పడి చనిపోయాడు. ఆ బాబు పేరు మీద 2008లో అమెరికాలో చట్టం వచ్చింది. దాని ఫలితంగా 2018 మే నుంచి 10,000 పౌండ్ల లోపు కొత్త బండ్లన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరి అయింది. 14,500 పౌండ్ల మోటార్‌హోమ్‌కు ఆ నిబంధన వర్తించదు. కెమెరా ఉన్నా అది తల పైన కొమ్మను, పక్కనుంచి పరుగెత్తుకొచ్చే పిల్లను చూపించకపోవచ్చు. బండి కదిలే ముందు పిల్లలందరినీ ఒక పెద్దమనిషి దగ్గర, డ్రైవరుకు కనబడే చోట కూర్చోబెట్టండి. ఆ పెద్దమనిషి స్పాటర్ కాకూడదు.

"ఎందుకు ఆపావు?"

ఇక అసలు సంగతి. స్పాటర్ ఆపమన్నారు, మీరు ఆపారు, దిగి చూశారు. ఇంకా నాలుగడుగుల చోటుంది. "దీనికేనా ఆపింది?" అని విసుక్కున్నారు. ఆ విసుగు ఖరీదు అప్పుడు తెలియదు. తర్వాతిసారి అనుమానం వచ్చినప్పుడు ఆ మనిషి నోటిదాకా వచ్చిన 'ఆపు'ను మింగేస్తారు. ఇంకొంచెం చూద్దాం, నిజంగా తగిలేలా ఉంటే అందాం అనుకుంటారు. తగిలేది అప్పుడే. అనవసరంగా ఆగితే పోయేది అర నిమిషం. అనకుండా ఊరుకుంటే పోయేది బంపరు కావచ్చు, అంతకన్నా విలువైనది కావచ్చు.

కాబట్టి ప్రతి ఆపుకూ జవాబు 'ఆపాను', దాని తర్వాత 'ఏం కనబడింది?' అంతే. గొంతు పెరిగిందని ఎవరికనిపించినా బండి న్యూట్రల్‌లో కాకుండా పార్కులో పెట్టి, దిగి, ఇద్దరూ కలిసి సైటు చుట్టూ ఒకసారి నడవండి. తప్పొప్పుల చర్చ బండి నిలబడ్డాక, టీ తాగాక పెట్టుకోండి. ముందు థాంక్స్ చెప్పండి.

ఇది బండికే పరిమితం కాదు. ఇంట్లో గాని, ఆఫీసులో గాని వెనక నుంచి చూస్తున్నవారు మనల్ని ఆపే మనుషులే. లెక్కల్లో తేడా ఉందని చెప్పే జూనియరు, ఈ అప్పు వద్దనే ఇల్లాలు ఆ కోవలోకే వస్తారు. వాళ్ల అనుమానం పదిసార్లు తప్పయినా, పదకొండోసారి చెప్పే ధైర్యం వాళ్లకు మిగిల్చిన ఇల్లే, ఆఫీసే క్షేమంగా ఉంటాయి.

ప్రయాణానికి ముందు సాధన

బండి తీసుకున్న రోజే ఖాళీ పార్కింగ్ లాట్‌కు వెళ్లండి. రెండు అట్టపెట్టెలు పెట్టి, వాటి మధ్యకు వెనక్కి రండి. తర్వాత స్థానాలు మార్చుకోండి. నడిపేవారు వెనక నిలబడాలి, నిలబడ్డవారు నడపాలి. అద్దంలో ఎంత తక్కువ కనబడుతుందో ఒకరికి, ఆరున్నర టన్నులు తన వైపుకు వస్తుంటే ఎలా ఉంటుందో ఇంకొకరికి అప్పుడే తెలుస్తుంది. చివరగా ఒక పని చేయండి. బండి చక్కగా వస్తున్నప్పుడే, కారణం లేకుండా ఒకసారి ఆపు అనండి. అవతలివాళ్లు విసుక్కోకుండా ఆపితే సాధన పూర్తయినట్టు.

ఆరు మాటలనూ ఒక కాగితం మీద రాసి డాష్‌బోర్డుకు అంటించండి. కింద ఇంకో రెండు వాక్యాలు చేర్చండి: కనబడకపోతే కదలొద్దు. ఆపమంటే ఎందుకనొద్దు. ఈ రెండిటికీ ఇద్దరూ సరేనన్నాకే రివర్స్ గేరు వేయండి.